మొదటి పగడం మష్రూమే కొనండి

మా అమ్మకు పగడమంటే తాళిలో గుచ్చుకునేది, కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునేది. చెన్నై కొళత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బతికున్న పగడం కవరులోకి తొంగి చూసి, "ఏమిరా, పుట్టగొడుగుకా ఇంత డబ్బు పోసింది?" అంది. సరిగ్గానే కనిపెట్టింది. దాని పేరే మష్రూమ్.

ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు కొత్తగా పెట్టినవాళ్ళు ఎవరడిగినా నేను దీని పేరే చెబుతాను. లైటు తక్కువైనా, నీళ్ళు కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. ఇసుకకు దగ్గరగా, పంపు ధాటి నేరుగా తగలని చోట పెడితే చాలు. దాని తర్వాత జోవాలు, అంటే జోవాంథస్ పగడాలు. చిన్న చిన్న బటన్లలా ఉంటాయి, రంగులు బోలెడు. గ్రీన్ స్టార్ పాలిప్ కూడా సులువే కానీ గరికలా పాకుతుంది. దాన్ని విడిగా ఒక రాయి మీద ఉంచకపోతే ఏడాదికి ట్యాంకంతా అదే. టోడ్‌స్టూల్ లెదర్ అనే పగడం నాలుగోది.

ఏది కొన్నా ట్యాంకుకు మూడు నెలలు నిండాకే. వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ మాత్రం 5 నుంచి 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్నా పర్వాలేదు, రాతిగూడు కట్టని ఇలాంటి మెత్తటి పగడాలకు అది తిండే.

మన ఊళ్ళో అసలు టెన్షన్ ఎండాకాలం. బయట 42 డిగ్రీలుంటే ట్యాంకును 26 దగ్గర ఆపాలి. నాది రెండడుగుల ట్యాంకు, సుమారు 70 లీటర్లు. నీళ్ళను చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేక నీళ్ళ మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను. రెండు మూడు డిగ్రీలు తగ్గాయి కానీ రోజుకు లీటరున్నర ఆవిరైపోయేది. ఆ లోటును నేను ఉప్పు కలిపిన నీళ్ళతోనే నింపుతూ వచ్చాను. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదన్న సంగతి తట్టలేదు. పది రోజులకు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే సాంద్రత 1.030. ఉండాల్సింది 1.025. జోవాలన్నీ పిడికిళ్ళు బిగించినట్టు ముడుచుకుపోయాయి, సగం మళ్ళీ తెరుచుకోలేదు. లోటు నింపడానికి ఆర్వో మంచినీళ్ళే వాడండి. క్యాన్ నీళ్ళయినా సరే, నీళ్ళలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడకుండా పోయకండి. బోరు నీళ్ళ జోలికి అసలు పోవద్దు, మా బకెట్ల అంచున తెల్లగా పేరుకునేదంతా అందులోదే.

షాపులో రంగు చూసి మోసపోకండి, నీలం లైటు కింద అన్నీ మెరుస్తాయి. తెల్ల లైటు వేయమని అడగండి. రాయికి గట్టిగా అతుక్కుని ఉందా, అంచులు కరిగి జిగురు కారుతోందా, కవరు విప్పితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందా చూడండి. రాతిగూడు కట్టే గట్టి పగడాలు, విసనకర్ర ఆకారపు సీ ఫ్యాన్ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోవి, అంటే రక్షిత జీవులు. చాటుగా ఇస్తామన్నా వద్దనండి. మెత్తటివైనా బిల్లుతోనే కొనండి.

ఇంటికి తెచ్చాక కవరును పావుగంట ట్యాంకులో తేలనిచ్చి, సన్నటి ట్యూబుతో ట్యాంకు నీళ్ళు చుక్క చుక్కగా కలపండి. కవరు నీళ్ళు మాత్రం ట్యాంకులో పోయకండి. జోవాలు ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళలో మరగబెట్టడం లాంటి పని ఎప్పుడూ చేయకండి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

లెదర్ కొన్నవాళ్ళకు ఒక్క మాట. అది ఉన్నట్టుండి ముడుచుకుని, మైనం పూసినట్టు అవుతుంది. మాదీ అలాగే అయితే "చచ్చిపోయింది, పారెయ్ నాయనా" అంది అమ్మ. పారేయలేదు. పంపును కొంచెం దాని వైపు తిప్పాను. ఆరో రోజు పొద్దున ఆ పొర కుబుసంలా ఊడి నీళ్ళలో తేలుతోంది, కింద చేతివేళ్ళలాంటి లేత తంతువులన్నీ బయటికొచ్చి ఊగుతున్నాయి.