బీచ్ చెట్టుకు నరికే గుర్తు పెట్టే ముందు: లయన్స్ మేన్ జాగ్రత్తలు

దక్షిణ ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా న్యూ ఫారెస్ట్‌లో, బీచ్ (beech) అనే అడవి చెట్ల మీద పెరిగే ఈ అరుదైన తెల్ల పుట్టగొడుగు, లయన్స్ మేన్, పైకి కనిపించేది శరదృతువులోనే. చలికాలపు నరుకుడు పనులకు ముందు ఇవి చూసుకోండి.

- పుట్టగొడుగు కనబడలేదని ముసలి బీచ్‌ను కొట్టేయొద్దు. అసలు శిలీంధ్రం కాండం లోపల సన్నని పోగులుగా ఏళ్ల తరబడి బతుకుతుంది. బయటికి వచ్చేది కొన్ని వారాలే, ఒక్కో ఏడు అసలు రాదు. చెట్టు పోతే అదీ పోతుంది. పడిపోతుందన్న భయముంటే పై కొమ్మల బరువు తగ్గించి, మాను నిలబెట్టండి.

- పడిన మానును ముక్కలు చేయొద్దు, ఎండలోకి లాగొద్దు. కర్ర త్వరగా ఆరిపోతుంది. దారికి అడ్డమైతే వీలైనంత పెద్ద ముక్కగానే పక్క నీడకు జరపండి.

- బైనాక్యులర్ తప్పనిసరి. పాత గాయాలు, కొమ్మ విరిగిన చోట్లు వెతకండి. చాలాసార్లు మనిషి ఎత్తుకు పైనే ఉంటుంది.

- ఫొటో పక్కనుంచి తీయండి. ఒకే ముద్ద నుంచి పొడవాటి ముళ్లు కిందికి వేలాడితే ఇదే. కొమ్మలుగా చీలితే దాని బంధువు.

- తుంచొద్దు. బ్రిటన్ 1981 వన్యప్రాణి చట్టం 8వ షెడ్యూల్ కింద అది నేరం.

- చెట్టున్న చోటు బహిరంగంగా పెట్టొద్దు, కోసుకెళ్లేవాళ్లున్నారు.