బందరు బీచ్‌కి కారులో వెళ్తున్నారా?

విజయవాడ నుంచి మంగినపూడి బీచ్‌కి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరండి. బందరు రోడ్డు ఆగ్నేయంగా పోతుంది కదా, పొద్దెక్కాక బయటపడితే ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. సాయంత్రం వెనక్కి వస్తుంటే మళ్లీ అదే గోల. ముందురోజు రాత్రే ముందు అద్దాన్ని లోపలివైపు కూడా తుడవండి. బయట ఎంత కడిగినా, లోపలి మసక ఎదురెండలోనే బయటపడుతుంది.

బందరు దాకా సుమారు 70 కిలోమీటర్లు, అక్కణ్నుంచి బీచ్‌కి ఇంకో పదకొండు. చలికాలమైతే ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లుంటాయి, నెమ్మదిగా వెళ్లండి. చీకట్లో వాటికి వెనక లైటు కనిపిస్తే మన అదృష్టం. కాళ్లకంటిన బురద కడుక్కోవడానికి డిక్కీలో ఓ క్యాన్ నీళ్లు పెట్టుకోండి. బందరు లడ్డూ మాత్రం తిరిగొచ్చేటప్పుడే కొనండి. ఎండలో ఆపిన కారులో ఉంచితే నెయ్యంతా సీటుకే.