దూరం పెంచే నెలల్లో జబ్బు పడకుండా ఉండడం: హైదరాబాద్ రన్నర్లకు

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు నెలాఖరు ప్రాంతంలో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ 42.195 కిలోమీటర్లకు, లేదా అందులో సగానికి, సిద్ధపడేవారు సాధారణంగా ఎండలు తగ్గుముఖం పట్టే వేళకు సాధన మొదలుపెట్టి జూలై చివరికల్లా తమ అత్యధిక దూరాలకు చేరుకుంటారు. సరిగ్గా ఆ వారాల్లోనే నగరంలో డెంగీ, టైఫాయిడ్, వైరల్ జ్వరాలు విజృంభిస్తాయి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఓపీ వరుసలు పొడవవుతాయి. చలి దేశాల వారికోసం తయారైన శిక్షణ ప్రణాళికను దించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నవారికి ఈ సంగతి అందులో ఎక్కడా కనిపించదు. అందువల్ల ఇక్కడ పరుగెత్తేవారు ఏ వారం ఎన్ని కిలోమీటర్లు అన్నదానితో పాటు, ఆ వారం జబ్బు పడకుండా ఏం చేయాలన్నదీ ప్రణాళికలోనే రాసుకోవాలి.

ఎక్కువ దూరం పరుగెత్తితే రోగనిరోధక శక్తి తగ్గుతుందా అన్న ప్రశ్న పాతదే. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ తర్వాత జరిపిన ఒక అధ్యయనంలో, పరుగు పూర్తి చేసినవారిలో 12.9 శాతం మంది ఆ తర్వాతి వారంలో జలుబు, గొంతునొప్పి వంటివి వచ్చాయని చెప్పగా, అంతే సాధన చేసి పోటీలో పాల్గొననివారిలో ఆ సంఖ్య 2.2 శాతమే. చాలాకాలం దీనిని పరుగు దోషంగానే చదివారు. అవి పరుగెత్తినవారు స్వయంగా చెప్పుకున్న లక్షణాలే తప్ప ప్రయోగశాలలో నిర్ధారించినవి కావనీ, నిద్ర లేమి, ప్రయాణం, ఆందోళన, వేలమంది గుంపు కూడా కారణాలు కావచ్చనీ తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు. నా అనుభవం కూడా ఈ రెండో వాదన వైపే మొగ్గుతుంది. కాళ్లు పడే శ్రమ కంటే, ఆ శ్రమకు చోటు కల్పించడానికి మనం దేనిని కోసేస్తున్నామన్నదే మనల్ని మంచాన పడవేస్తుంది.

ఈ నగరంలో సాధారణంగా కోతకు గురయ్యేది నిద్ర. రాత్రి పదకొండు వరకు అమెరికా వారితో కాల్, ఆ తర్వాత భోజనం, తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం, ఐదున్నరకు కేబీఆర్ పార్కు గేటు దగ్గర మిత్రబృందం. ఇలా వారానికి నాలుగు రోజులు గడిపే మనిషికి ఏ చ్యవనప్రాశా అడ్డుపడలేదు. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూడగా, రాత్రికి ఏడు గంటలకు మించి నిద్రించినవారితో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రించినవారు జలుబు బారిన పడే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. కాబట్టి దూరం పెంచడానికి రెండు వారాల ముందే పెందలాడే పడుకోవడం అలవాటు చేసుకోండి. అది కుదరదని తేలితే ప్రణాళికను కుదించుకోండి. ఆరు గంటల నిద్ర కూడా దక్కని మరునాడు వేగపు పరుగు గానీ లాంగ్ రన్ గానీ పెట్టుకోకూడదు. నడకతో సరిపెట్టుకోవడమో, సాయంత్రానికి వాయిదా వేయడమో మేలు. మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు తీసే వీలున్నవారు మొహమాటపడకుండా తీయాలి.

దూరం పెంచే పద్ధతి విషయంలో, వారానికి పది శాతానికి మించవద్దన్న సూత్రం అందరికీ తెలిసిందే. అది శాస్త్రం నిగ్గుతేల్చిన నియమం కాదు, ఒక జాగ్రత్త మాత్రమే. అంతకంటే ముఖ్యమైనది, మూడు వారాలు పెంచి నాలుగో వారం పావు వంతో మూడో వంతో తగ్గించడం, ఒకే వారంలో దూరాన్నీ వేగాన్నీ రెండింటినీ పెంచకపోవడం. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ ఎత్తులు ఎక్కిన 12 కిలోమీటర్లు, నెక్లెస్ రోడ్డు చదునులోని 12 కిలోమీటర్లు ఒంటికి ఒకటి కావు. వాచీలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారం, ఇంట్లో పెళ్లి ఉన్న వారం, రాత్రి బస్సులో ఊరికి వెళ్లివచ్చిన వారం దూరాన్ని ఉన్నచోటే నిలపాలి. ఒక జూలైలో నేను ఇవేవీ పట్టించుకోకుండా వారానికి 30 కిలోమీటర్ల నుంచి రెండే వారాల్లో 48కి ఎగబాకాను. మూడో వారం పదకొండు రోజుల జ్వరంతో లెక్క సరిపోయింది.

ఇక దోమ. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో కనుగొన్నాడు. ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. అయితే ఆయన పరీక్షించిన అనాఫిలిస్ రాత్రి కుట్టే జాతి. డెంగీని, చికున్‌గున్యాను మోసే ఈడిస్ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా సూర్యోదయం తర్వాతి గంటల్లోనూ అస్తమయానికి ముందూ. అంటే రన్నర్లు వీధిలో ఉండే వేళల్లోనే. పరుగెత్తుతున్న మనిషిని దోమ అంత తేలికగా పట్టుకోలేదు గాని, చెట్ల కింద నిలబడి వార్మప్ చేసే పది నిమిషాలు, పరుగయ్యాక చెమట కారుతూ గట్టు మీద కూర్చుని కబుర్లాడే అరగంట దానికి చాలు. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న దోమల క్రీమును పిక్కలకు, చీలమండలకు, మోచేతులకు రాసుకుని బయలుదేరండి, స్ట్రెచింగ్ ఇంటికి వచ్చి చేసుకోండి. ఇంట్లో కూలర్ తొట్టి, పూలకుండీల పళ్లాలు, డాబా మీది పాత డబ్బాలు వారానికొకసారి ఒలకబోసి రుద్ది కడగాలి, ఎందుకంటే గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులే పడుతుంది, పైగా ఈ దోమ పెరిగేది మురుగులో కాదు, నిలిచిన మంచినీటిలో.

వాన నీటిలో తడవడం వల్ల జలుబు రాదు, వైరస్ వల్ల వస్తుంది. కానీ నాలా పొంగి రోడ్డుమీదికి వచ్చిన నీటిలో పరుగెత్తడం వేరే సంగతి. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటి ద్వారా, కాలిమీది చిన్న గాయం గుండా కూడా లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు సోకవచ్చు. అలాంటి రోజున దారి మార్చుకోవాలి. రెండు జతల షూలు ఉంచుకుని తడిసినదానిలో పాత పేపర్లు కుక్కి ఆరబెట్టి, కాలివేళ్ల మధ్య పొడిగా తుడుచుకుంటే చాలావరకు సరిపోతుంది.

తిండి విషయంలో కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. బరువు తగ్గడానికే పరుగు మొదలుపెట్టినవారు మనలో ఎక్కువ. దూరం పెంచే నెలల్లోనే అన్నం మానేసి రాత్రి సలాడ్‌తో గడపడం జబ్బును చేతులారా పిలిచినట్టే. బరువు తగ్గే పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముగించుకుని, సాధన మొదలయ్యాక కడుపునిండా తినాలి. శరీరానికి అందే శక్తి ఖర్చుకు చాలకపోతే హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధక వ్యవస్థ అన్నీ దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. స్త్రీలకు నెలసరి తప్పడం దీని ముఖ్యమైన హెచ్చరిక. దానిని ఫిట్‌నెస్ గుర్తుగా భావించకుండా వైద్యురాలిని కలవాలి.

గంటన్నర దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకుంటే ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ పెరుగుదల కొంత తగ్గుతుంది. పరుగులో తినే తియ్యటి గుజ్జు పొట్లాలు (జెల్) కొనలేనివారికి ఖర్జూరాలు, అరటిపండు, చిన్న బెల్లం ముక్కలు ఆ పని చేస్తాయి. దమ్ము పెంచుకునే సాధనలో ఉన్నవారికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలని సాధారణ అంచనా. 60 కిలోల మనిషికి 72 నుంచి 96 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి పప్పుచారు, అన్నం, ఆవకాయతో ఈ లెక్క తేలదు. గట్టి పప్పు, పెరుగు, శనగలు, పెసరట్టు, గుడ్లు, తినేవారికి చికెన్, చేప రోజంతా పంచుకుని తినాలి. భారతదేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తేల్చింది. కాబట్టి స్త్రీలు సాధన మొదట్లోనే హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది. భోజనంతో పాటు చాయ్ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇరానీ చాయ్‌కి గంటసేపు ఎడం ఇవ్వండి. మారథానర్లు, స్కీయర్లు, చలిలో శిక్షణ పొందే సైనికులపై జరిగిన అయిదు పరీక్షలలో విటమిన్ సి జలుబు ముప్పును సగానికి తగ్గించినట్టు కనిపించింది గాని, మామూలు జనంలో అంత ప్రభావం లేదు. రోజుకొక జామపండు చాలునని నా అభిప్రాయం.

ఆదివారం లాంగ్ రన్ తర్వాత గుంపుగా టిఫిన్‌కు వెళ్లడం ఇక్కడి ఆచారం, దానిని మానమని చెప్పను. పొగలు కక్కే ఇడ్లీని అనుమానించనవసరం లేదు. తెల్లవారుజామున రుబ్బి బయట పెట్టిన పచ్చి కొబ్బరి చట్నీని, జగ్గులోని నీళ్లను అనుమానించాలి. వానాకాలమంతా పానీపూరీ, కోసిపెట్టిన పండ్లు, ఐసు వేసిన చెరకురసం ఊరించినా దూరంగా పెట్టాలి. నీళ్ల బాటిల్ ఒకరిది ఒకరు తాగకూడదు, దాని మూత సందులను వేడినీళ్లతో రోజూ కడగాలి. నగరానికే చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. వైద్యుణ్ణి అడిగి దానినీ, ఏటా తీసుకునే ఫ్లూ టీకానూ సాధన తేలికగా ఉన్న వారంలో వేయించుకోవచ్చు.

ఉక్కపోతలో చెమటతో ఉప్పు పోతుంది, నిజమే. అలాగని లీటర్ల కొద్దీ వట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి అసలుకే మోసం రావచ్చు. దాహానికి తగినంత తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ పరుగు తర్వాత చక్కగా పనిచేస్తుంది. విరేచనాలు పట్టుకుంటే లీటరు మరిగించి చల్లార్చిన నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలగొట్టి, కలిపి తాగాలి, లేదా మందుల షాపులో అసలైన ఓఆర్‌ఎస్ పొట్లం కొనాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరితూగని తియ్యటి పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా అట్టపెట్టె మీద ఏముందో చదివే కొనండి.

ఇన్ని చేసినా ఒకనాడు ఒళ్లు వెచ్చబడవచ్చు. దానిని ముందే పసిగట్టడానికి ఖర్చులేని ఉపాయం, లేవగానే మంచం మీదే నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకోవడం. నాడి మామూలుకంటే ఏడెనిమిది సార్లు ఎక్కువగా కొట్టుకోవడం వరుసగా రెండు రోజులు కనబడితే, గొంతు గరగర కూడా తోడైతే, ఆరోజు పరుగు మానండి. ముక్కు కారడం, తుమ్ములు వంటి మెడ పైభాగపు లక్షణాలు మాత్రమే ఉంటే మెల్లగా కొద్ది దూరం వెళ్లవచ్చు. జ్వరం, ఛాతీలో దగ్గు, ఒళ్లునొప్పులు, విరేచనాలు ఉంటే అడుగు బయట పెట్టకూడదు, ఎందుకంటే కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి, ఆ స్థితిలో శ్రమపడడం ప్రాణాంతకం కావచ్చు.

ఈ ఋతువులో జ్వరానికి పారాసిటమాల్ తప్ప మరేదీ సొంతంగా వేసుకోకూడదు. రన్నర్ల సంచిలో ఎప్పుడూ ఉండే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు డెంగీ అయితే రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఆస్పిరిన్ కూడా అంతే. మొదటి అయిదు రోజుల్లో డెంగీని పట్టే ఎన్ఎస్1 రక్తపరీక్ష చేయించుకోవాలి. డెంగీలో మోసమంతా జ్వరం దిగిన రోజునే ఉంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్లు చల్లబడగానే తగ్గిపోయిందనుకుంటాం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలి. యాంటీబయాటిక్ రాసే వైద్యునికి మీరు పరుగెత్తుతారని తప్పక చెప్పండి. ఇక్కడ విరివిగా రాసే ఆఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ రకం మందులు మడమ వెనుక స్నాయువు తెగే ముప్పును పెంచుతాయి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు, మందు లేకుండా కనీసం రెండు రోజులు జ్వరం రాకుండా గడిచాక నడక, ఆ తర్వాత పాత దూరంలో సగం, అదీ మాట్లాడుతూ పరుగెత్తగల వేగంతో. డెంగీ తర్వాత అయితే రక్తపరీక్షలు మామూలయ్యాయని వైద్యుడు చెప్పేవరకు ఆగాలి, అందుకు వారాలు పట్టవచ్చు. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ, ఛాతీలో బరువు ఉంటే ఈసీజీ తీయించుకోకుండా షూ లేసు కట్టవద్దు. పోయిన కిలోమీటర్లను తర్వాతి వారాల్లో కూడబెట్టి అప్పు తీర్చాలని చూడకండి. పోటీకి ముందు వారంలో జ్వరం వస్తే పోటీ నంబరు పట్టీ (బిబ్) చేతిలో ఉన్నా ప్రారంభ గీత దగ్గరికి వెళ్లవద్దు. ఆ ఆదివారం ఏదైనా ఫ్లైఓవర్ కింద నిలబడి, ఎక్కివస్తున్న మీ బృందానికి ఉప్పు చల్లిన నారింజ తొనలు అందించండి.