పాత బట్టలు వదిలించుకునే ముందు

కట్టుకోదగినవీ చిరిగినవీ ఒకే సంచిలో కుక్కకండి. ఎవరికైనా ఇచ్చేవాటిని ఉతికి, పూర్తిగా ఆరాకే మూట కట్టాలి. ఒక్కటి తడిగా ఉన్నా బూజు పట్టి సంచి మొత్తం కంపు కొడుతుంది, తీసుకున్నవాళ్లు కూడా దాన్ని చెత్తకే పంపుతారు. ఊడిన గుండీలు కుట్టి ఇవ్వండి.

చిరిగినవాటిలో నూలు ఏదో, పాలిస్టర్ ఏదో లేబుల్ చూస్తే తెలుస్తుంది. లేబుల్ లేకపోతే కుట్టు లోపల్నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో సింకు మీద పట్టుకుని నిప్పంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మారుతుంది. రెండూ కనిపిస్తే మిశ్రమం.

నూలుబట్టను 30 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే తుడుపుగుడ్డలు. టీషర్టు అంచులు పోగులు ఊడవు కాబట్టి కుట్టే పని కూడా ఉండదు. పాలిస్టర్ ఇందుకు దండగ, తడిని పీల్చదు, పులుముతుందంతే.

కంపోస్టులోకి 100 శాతం నూలే వెళ్లాలి, అదీ 2-3 సెంటీమీటర్ల ముక్కలుగా. జిప్పు, ఎలాస్టిక్, రబ్బరులా ఉండే బొమ్మల ప్రింటు తీసేయండి. చాలామంది మర్చిపోయేది కుట్టుదారం. అది ఎక్కువగా పాలిస్టరే. కుట్ల వెంబడి కత్తిరించి తీసేయకపోతే గుడ్డ కుళ్లిపోయాక కూడా ఎరువులో దారాలు చిక్కుపడి మిగులుతాయి.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, వాటంతట అవే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడే దాకా ఆరనిచ్చి పారేయండి.