వానలకు ముందు హీప్ లీచింగ్ కుప్పల వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలు

2024 ఫిబ్రవరి 13న తుర్కియేలోని ఇలిచ్ సమీపాన, చోప్లర్ బంగారు గనిలో సైనైడ్ ద్రావణంతో తడిపిన ఖనిజపు కుప్ప జారిపడి తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న కెనడాలోని యూకాన్ ప్రాంతంలో ఈగిల్ బంగారు గనిలో ఇలాంటి కుప్పే కూలి సైనైడ్ ద్రావణం బయటికి పొర్లింది. టన్నుకు ఒక గ్రాము బంగారం కూడా లేని ఖనిజాన్ని మెత్తగా నూరడం గిట్టదు కనుక, దాన్ని ప్లాస్టిక్ పొరపై కుప్ప పోసి, పైన డ్రిప్ గొట్టాలతో బంగారాన్ని కరిగించే సైనైడ్ ద్రావణం పోసి తడిపి, అడుగున కారే ద్రావణం నుంచి లోహాన్ని రాబడతారు. దీన్నే హీప్ లీచింగ్ అంటారు. హెల్మెట్లు, బూట్ల సంగతి అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ చెప్పడం లేదు.

కొంప ముంచే తప్పు ఒక్కటే: అడుగున ద్రావణం తగ్గిందని పైన పంపు జోరు పెంచడం. నుసి, బంకమన్ను సందులను పూడ్చినప్పుడు పోసిన నీరు కుప్పలోనే నిలిచి, రాళ్ల మధ్య పట్టు సడలిపోతుంది. పై మెట్టు మీద డ్రిప్ చుట్టూ చిన్న మడుగు కట్టి ఎంతసేపటికీ ఇంకకపోతే, లోపల దారి మూసుకున్నట్టే. దిగుబడి లెక్క చూసుకునే అధికారికి అడుగున ధార తగ్గడం నీళ్లు చాలనట్టు కనిపించడమే అసలు ప్రమాదం. ఎంత పోశారో, ఎంత బయటికి వచ్చిందో ప్రతి షిఫ్టులోనూ పక్కపక్కన రాయించండి. తేడా పెరుగుతుంటే పంపు తగ్గించండి, పెంచకండి.

వాన లెక్క వేరు. పది హెక్టార్ల కుప్పపై 100 మిల్లీమీటర్ల వాన పడితే కోటి లీటర్ల నీరు చేరుతుంది. పంపు ఆపినా కుప్ప రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. ఈ రెంటికీ సరిపడా ఖాళీని ద్రావణపు కుంటలో వానలకు ముందే ఉంచాలి. వాన నీరు కలిసి క్షారత పలుచనైతే సైనైడ్ విషవాయువుగా మారుతుంది కనుక, సున్నం వేసి పీహెచ్‌ను 10.5కు తగ్గకుండా చూడాలి. ఆ వాయువు వాసన అందరికీ తెలియదు. మీటరును నమ్మండి, ముక్కును కాదు.

రాగి కుప్పకు వాడే ఆమ్లపు ట్యాంకర్లను సైనైడ్ వైపు రానివ్వకండి. సైనైడ్ డబ్బాలను తడవనివ్వకండి. ఆ గోదాములో కార్బన్ డయాక్సైడ్ ఆర్పే యంత్రం పెట్టకండి. విషం సోకినవారికి నోటితో శ్వాస అందించకండి. వాన కాలువల్లో పేరుకున్న మన్ను ఇప్పుడే తీయించండి. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఎవరినీ పంపకండి. కుప్ప పాదం దగ్గర షెడ్డు, పార్కింగు, టీ బంకు, ఏదీ ఉండకూడదు. అడుగున ధార సన్నగిల్లితే, మళ్లీ చెబుతున్నాను, పైన నీరు పెంచకండి. కుప్ప లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటరు పాడైతే బాగయ్యే దాకా ఆ భాగంపై చుక్క పోయకండి. చీలిక కనబడితే వెడల్పు కొలవడానికి మనిషిని పంపకండి. కింద ఉన్నవారినందరినీ ముందు బయటికి రప్పించి, ఆ తరువాతే పై అధికారికి ఫోన్ చేయండి.