గురువుకే పంగనామాలు: స్టార్ వార్స్‌లో సిత్ జంటల్ని ఎలా చూడాలి

స్టార్ వార్స్ విలన్లని విడివిడిగా చూస్తే నల్ల అంగీ, ఎర్ర లైట్‌సేబర్, బొంగురు గొంతు, అంతకుమించి పెద్దగా ఏమీ కనపడదు. వాళ్ళని గురువు, శిష్యుడు అనే జంటలుగా చూడటం మొదలుపెడితే మాత్రం అసలు ఆట అక్కడ నడుస్తోందని తెలుస్తుంది. రోహిణి కార్తెలో బెజవాడలో మధ్యాహ్నం పూట ఎటూ గడప దాటలేం కాబట్టి, వారం రోజుల్లో ఈ ఒక్క దారం పట్టుకుని సినిమాలు ఎలా చూడాలో చెప్తా. సాగా మొత్తం అర్థం చేసుకోవాలనే టెన్షన్ పెట్టుకోకండి, 1999 సినిమా మొదట్లో వచ్చే వాణిజ్య మార్గాల పన్ను గొడవ ఒక్క ముక్క అర్థం కాకపోయినా కొంపేం మునగదు.

ముందు రూల్ తెలియాలి. సిత్‌లు, అంటే ఈ కథలో విలన్లు, ఎప్పుడూ ఇద్దరే ఉంటారు, ఒక గురువు, ఒక శిష్యుడు. 1999లో వచ్చిన ఫాంటమ్ మెనేస్ చివర్లో సిత్‌ల శత్రువులైన జెడైలలో ఒకడు, క్వై-గాన్, అతని చితి దగ్గర నిలబడి జెడైల పెద్ద యోడా ఈ మాట చెప్తాడు. ఈ పద్ధతి పెట్టింది డార్త్ బేన్ అనేవాడు, ఆ కథాకాలానికి దాదాపు వెయ్యేళ్ళ ముందు. అంతకుముందు సిత్‌లు గుంపులుగా ఉండేవాళ్ళు, జెడైలకి పెద్దగా పని పెట్టకుండా తమలో తామే కొట్టుకుని పోయారు. అందుకని బేన్ లెక్కని రెండుకి కుదించాడు: ఒకడి దగ్గర శక్తి, ఇంకొకడి దగ్గర దాని మీద ఆశ. శిష్యుడు మించిపోయిన రోజున గురువుని చంపి తాను గురువవుతాడు, మళ్ళీ ఒకణ్ణి వెతుక్కుంటాడు.

ఇది చెప్పగానే మా బావ, "చంపుతాడని తెలిసీ ఎందుకు చేర్చుకుంటాడ్రా, బుర్ర లేదా వాడికి?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆటోనగర్‌లో గేర్‌బాక్సు విప్పే మేస్త్రిని ఎప్పుడైనా గమనించారా? స్పానర్ అందించే కుర్రాడు లేకపోతే పని సాగదు, వాడికి పనంతా వచ్చేస్తే ఎదురుగానే ఇంకో షెడ్డు తెరుస్తాడు, అందుకని ఆ చివరి మెలిక తిప్పే టైముకి కుర్రాణ్ణి టీ తెమ్మని పంపేస్తాడు. సిడియస్, అంటే పైకి పాల్పటీన్ పేరుతో రాజకీయ నాయకుడిగా తిరిగే సిత్ గురువు, చేసేది అచ్చంగా ఇదే, కాకపోతే అక్కడ షెడ్డు బదులు గెలాక్సీ.

ఇక చూసేటప్పుడు మనసులో పెట్టుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: మూడోవాడు ఎవడు? రూల్ ఇద్దరే అంటుంది గానీ, ప్రతి జంట పక్కనా ఒక మూడోవాడు ఉంటాడు, కథని నడిపేది వాడే. సిడియస్ శిష్యుడు డార్త్ మాల్ బతికుండగానే డూకు అనే జెడై చాటుగా సిడియస్‌కి పనులు చేసిపెడుతున్నాడు. ఇది సినిమాల్లో కనపడదు, 2022లో వచ్చిన యానిమేషన్ సిరీస్ టేల్స్ ఆఫ్ ద జెడైలో డూకు మీద ఉన్న మూడు ఎపిసోడ్లు చూస్తే తెలుస్తుంది, ఒక్కోటి పావుగంటే కాబట్టి వదలకండి. సరే, డూకు శిష్యుడయ్యాడు, టైరనస్ అని పేరు కూడా పెట్టించుకున్నాడు, మరి అతని పక్కన? ఫాంటమ్ మెనేస్ చివర్లో పాల్పటీన్ తర్వాత డార్త్ వేడర్ కాబోయే ఆ తొమ్మిదేళ్ళ అనాకిన్ భుజం మీద చెయ్యేసి, నీ ఎదుగుదలని ఆసక్తిగా గమనిస్తుంటాం అంటాడు చూడండి, డూకు చావు అక్కడే ఖాయమైపోయింది. మొదటిసారి చూసినప్పుడు అది పెద్దాయన ఆశీర్వాదంలా ఉంటుంది. రెండోసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

శిష్యులేమీ తక్కువ తినలేదు, వాళ్ళూ తమ మూడోవాణ్ణి వెతుక్కుంటూనే ఉంటారు. ఒకే బేరం మూడు సినిమాల్లో మూడుసార్లు వస్తుంది, అది పట్టుకోండి. అటాక్ ఆఫ్ ద క్లోన్స్‌లో బందీగా ఉన్న ఓబీ-వాన్ అనే జెడైతో డూకు, నాతో కలువు, మనిద్దరం కలిసి సిత్‌లని నాశనం చేద్దాం అంటాడు, పైగా సెనేట్ సిడియస్ చేతిలో ఉందన్న నిజం కూడా చెప్పేస్తాడు. రివెంజ్ ఆఫ్ ద సిత్‌లో అనాకిన్, సిత్‌గా మారి ఎక్కువసేపు కూడా కాలేదు, అప్పుడే భార్య పద్మేతో నేను ఛాన్సలర్‌ని (అంటే పాల్పటీన్‌ని) కూలదోయగలను, మనిద్దరం ఏలుకోవచ్చు అంటాడు. ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌లో చెయ్యి తెగిన కొడుకు ల్యూక్‌తో వేడర్ అన్నదీ ఇదే. చాలామంది దాన్ని తండ్రి ప్రేమ అనుకుంటారు. ప్రేమ కూడా ఉందేమో, కాదనను, కానీ బేన్ పెట్టిన సిలబస్‌లో అది చివరి పాఠం.

ఏ వరసలో చూడాలి అంటే, 1977 నాటి ఎ న్యూ హోప్, 1980 నాటి ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్, అక్కడ ఆపి వెనక్కెళ్ళి 1999 నాటి ఫాంటమ్ మెనేస్, 2002 నాటి అటాక్ ఆఫ్ ద క్లోన్స్, 2005 నాటి రివెంజ్ ఆఫ్ ద సిత్, ఆఖర్న 1983 నాటి రిటర్న్ ఆఫ్ ద జెడై. ఈ వరస నేను కనిపెట్టిందేమీ కాదు, అభిమానుల్లో ఎప్పటినుంచో ఉంది. మన పనికి ఇదే ఎందుకు అంటే, చివరి రెండూ వరసగా పడతాయి. రివెంజ్ ఆఫ్ ద సిత్ మొదట్లో పాల్పటీన్ కుర్చీలో బందీలా కూర్చుని, ఎదురుగా అనాకిన్, డూకు కొట్టుకుంటుంటే చూస్తుంటాడు. డూకు రెండు చేతులూ తెగిపోయాక, చంపెయ్ అంటాడు. అప్పుడు డూకు మొహం దగ్గర పాజ్ చేయండి. క్రిస్టఫర్ లీ ఒక్క డైలాగ్ లేకుండా, కళ్ళతోనే, నన్నా అన్నట్టు చూస్తాడు. రిటర్న్ ఆఫ్ ద జెడైలో మళ్ళీ అదే కుర్చీ, అదే మనిషి, ఎదురుగా ల్యూక్, వేడర్, ఈసారి వేడర్ చెయ్యి తెగుతుంది, తండ్రిని చంపి ఆ స్థానంలోకి రా అంటాడు. ల్యూక్ కత్తి అవతల పారేస్తాడు. పాల్పటీన్‌కి అప్పటిదాకా పనిచేసిన పాచిక మొదటిసారి పారకపోవడం అక్కడే, ఇంకో రెండు నిమిషాల్లో తను పెంచుకున్న శిష్యుడే ఎత్తి గోతిలో పడేస్తాడు. రెండు సినిమాల మధ్య ఒక్క రాత్రి కంటే ఎక్కువ గ్యాప్ ఇవ్వకండి.

రివెంజ్ ఆఫ్ ద సిత్‌లో పాల్పటీన్, అనాకిన్ మాట్లాడుకునే ఒపేరా సీన్‌కి మాత్రం ఫ్యాన్, కూలర్ మోత తగ్గించుకోండి, లేదంటే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, పాల్పటీన్ వేషం వేసిన ఇయన్ మెక్‌డియార్మిడ్ దాదాపు గుసగుసగా మాట్లాడతాడు. డార్త్ ప్లేగిస్ అనే గురువుకి తనవాళ్ళని చావు నుంచి కాపాడే విద్య ఉండేదట, అంతా శిష్యుడికి నేర్పాడట, ఆ శిష్యుడు నిద్రలో చంపేశాడట. చెప్తున్నవాడే ఆ శిష్యుడని అనాకిన్‌కి తెలియదు. మనకి ఈ సీన్ ఇంకాస్త లోతుగా తగలాలంటే నన్నయ ఆదిపర్వంలో కచుడి కథ గుర్తుచేసుకోండి. శుక్రాచార్యుడు తన కడుపులో ఉన్న కచుడికి మృతసంజీవని నేర్పుతాడు, వాడు బయటికొస్తే తను చస్తాడని తెలిసి కూడా. కచుడు పొట్ట చీల్చుకుని వచ్చి, ఆ విద్యతోనే గురువుని బతికిస్తాడు. వాడొచ్చింది శత్రుపక్షం నుంచి, విద్య కాజేయడానికే వచ్చాడు, గురువుని అలాగే వదిలేసి వెళ్ళిపోయినా అడిగేవాడు లేడు. విద్య అదే, అవకాశమూ అదే, పాల్పటీన్ చేసింది దానికి పూర్తిగా తిరగేసిన పని.

క్లోన్ వార్స్ యానిమేషన్ ఏడు సీజన్లు ఉంది, అంతా అక్కర్లేదు. మూడో సీజన్‌లో వెంట్రెస్ కథ మూడు ఎపిసోడ్లు చూడండి: డూకు చాటుగా పెంచుకుంటున్న శిష్యురాలు బలపడుతోందని సిడియస్ పసిగట్టి, ఆమెని నువ్వే చంపు అని డూకుకే పని పెడతాడు. తర్వాత ఐదో సీజన్‌లో ద లాలెస్ అనే ఎపిసోడ్. అందులో సిడియస్ స్వయంగా మాండలోర్ గ్రహానికి వచ్చి మాల్ సోదరుణ్ణి చంపి, సిత్‌లు ఇద్దరే ఉండాలి, నీ స్థానంలో ఇంకొకడు వచ్చేశాడు అని మాల్ మొహం మీదే చెప్తాడు. చావు తప్పించుకుని వచ్చిన పాత శిష్యుడి గతి అది.

కొత్త మూడు సినిమాల గురించి రెండు ముక్కలు. గురువు స్నోక్, శిష్యుడు కైలో రెన్ సిత్‌లు కారు, అయినా 2017 సినిమాలో (ద లాస్ట్ జెడై) కైలో గురువు పక్కనే ఉన్న కత్తిని తిప్పి చంపే సీన్ ఈ లెక్కలో చూడదగ్గది. 2019ది (ద రైజ్ ఆఫ్ స్కైవాకర్) నాకు నచ్చలేదు, కానీ మళ్ళీ బతికొచ్చిన పాల్పటీన్ హీరోయిన్ రే ముందు నిలబడి నన్ను చంపు అని అడగడం మాత్రం రూల్‌ని చిత్రంగా వాడుకోవడమే. శిష్యుడు చంపితే గురువు పోవాలి కదా, ఈయన చంపించుకుని ఆమెలోకి దూరాలనుకుంటాడు.

నవలల్లోకి దిగాలంటే డ్రూ కార్పిషిన్ రాసిన బేన్ మూడు పుస్తకాలు, 2006, 2007, 2009 నాటివి. 2014 తర్వాత వీటిని అసలు కథలో లెక్కపెట్టకుండా లెజెండ్స్ కింద పక్కన పెట్టారు కాబట్టి సినిమాలతో ముడిపెట్టి ఎవరితోనూ వాదనకి దిగకండి, విడిగా చదవండి. మూడోదాంట్లో బేన్‌కి పట్టుకున్న దిగులు నాకు భలే నచ్చింది: శిష్యురాలు జానా తనని చంపడానికి ఇంకా రావట్లేదేంటి, తను ముసలివాడయ్యేదాకా కాచుక్కూర్చుందా, అలాంటి పిరికిది నా వారసురాలేంటి అని.