పాత షెవీ పికప్‌తో ట్రైలర్ లాగే ముందు: ఇంజిన్, యాక్సిల్ రేషియో జాగ్రత్తలు

(1988–98 షెవర్లే, జీఎంసీ పెట్రోల్ పికప్‌లకు)

• యాక్సిల్ రేషియో అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తి చేర్చే కడ్డీ) ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె; అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ. గ్లోవ్ బాక్స్ స్టిక్కర్‌పై ఉండే కోడ్‌లలో జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. అయితే ఇంత పాత బండికి మధ్యలో ఎవరో యాక్సిలే మార్చేసి ఉండొచ్చు, లెక్కపెట్టి చూసుకోవడమే మేలు. మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, వెనక ఒక్క చక్రాన్ని లేపి స్టాండ్ మీద ఆనించండి. దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. లాకర్ (రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) ఉంటే రెండు చక్రాలూ లేపాలి, అప్పుడు ఒక్క చుట్టే.

• టైరు మరవొద్దు. 30 అంగుళాలవి తీసి 33 వేస్తే 4.10 కాస్తా 3.73లా లాగుతుంది.

• మైళ్ల వేగం × రేషియో × 336 ÷ టైరు వ్యాసం (అంగుళాల్లో) = డైరెక్ట్ గేరులో (ఇంజిన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగే గేరు) ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇంజిన్ చుట్లు. 30 అంగుళాల టైరుతో 60 మైళ్ల దగ్గర 3.42కి సుమారు 2,300, 4.10కి 2,750.

• 5.7 లీటర్ ఇంజిన్‌తో బరువైన ట్రైలరైతే 4.10 చూడండి. 7.4 లీటర్‌కు టార్క్ ఎక్కువ, 3.73తోనూ నెట్టుకొస్తుంది, పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది.

• ఎక్కుడులో ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ నెమ్మదిగా తిరిగే పై గేరు) పడుతూ లేస్తూ ఉంటే ఆ ఓవర్‌డ్రైవ్‌ను ఆపేయండి. గేర్‌బాక్స్ ఆయిల్ మాడేది అక్కడే.

• వెనక 10.5 అంగుళాల 14 బోల్ట్ యాక్సిల్‌లో (క్రౌన్ గేరు వ్యాసం 10.5 అంగుళాలు, కవర్‌కు 14 బోల్టులు) 4.10 వరకు ఒక క్యారియర్ (క్రౌన్ గేరును మోసే భాగం), 4.56 నుంచి వేరొకటి.

• ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక రేషియోలు ఒకటే ఉండాలి.

• కొత్త క్రౌన్ పినియన్ (రేషియోను నిర్ణయించే యాక్సిల్ గేర్ల జత) వేశాక మొదటి 500 మైళ్లు ట్రైలర్ తగిలించొద్దు.

• రేషియో మార్చినంత మాత్రాన బ్రేకుల, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) సామర్థ్యం పెరగదు.